జిమ్మీ పథ్యం

"ఉడకేస్తే సారమంతా పోద్దే. కుక్కకి మాంసం పచ్చిదే పెట్టాలి" అన్నాడు బుల్లయ్య, భార్య చేతిలోంచి క్యారేజీ అందుకుంటూ.

"అట్టాగే పెట్టు. శుభ్రంగా కడిగే ఇచ్చాను" అంది వెంకటరావమ్మ. "ఆ పెట్టేదేదో ఇంట్లోనే పెట్టరాదూ, కల్లం దాకా ఎందుకు?"

"ఇంట్లో నీచువాసనొస్తే మళ్లీ నువ్వే కసురుతావు."

పర్చూరు పొలాల్లో ఆ ఏడు మిరప విరగకాసింది. అంత కారం పండించే మనిషికి బీపీ ఉందని గుంటూరు డాక్టరు మాంసం మానిపించాడు. అప్పట్నించీ ఇంట్లో సొరకాయా, చప్పిడి పప్పూ. బుల్లయ్యకి బతుకు మీదే విరక్తి పుట్టింది.

దేవుడల్లే ఆదుకున్నాడు పశువుల డాక్టరు ఇమ్మానియేలు. జిమ్మీకి బొచ్చు ఊడిపోతోందని మొగుడూ పెళ్లాం కలిసి చూపిస్తే, "రోజూ కాస్త పచ్చిమాంసం పెట్టండి" అన్నాడాయన. ఆ తర్వాత చెప్పిన ముక్క ఒక్కటీ బుల్లయ్య చెవికెక్కలేదు. అప్పటికే ఆయన మనసు కల్లంలో పొయ్యి రాజేస్తోంది.

కల్లంలో పాక వెనక మూడు రాళ్లు, ఓ మట్టి చట్టి. క్యారేజీ మూత తీస్తే ముక్కలు పసుపు రంగులో మెరిసేవి. కుక్క కూటికి కూడా పసుపు పట్టించే ఇల్లాలు దొరకడం తన అదృష్టం అనుకునేవాడు. కూర కొంచెం చేదు తగిలేది గానీ, కల్లం నిండా మిరపకాయలుంటే చేదుకి జడిసేదెవరు? నాలుగు నూరి దట్టించేవాడు. ఎదురుగా కూర్చుని గుటకలేసే జిమ్మీకి ఓ ఎముక పడేసి, "విశ్వాసం ఉండాలిరా, ఇంట్లో చెప్పమాక" అనేవాడు.

నెల తిరిగేసరికి మనిషి నిగనిగలాడాడు. మంగలి చెంచయ్య ఆయన తల నిమిరి, "ఏం నూనె రాస్తన్నావు మావా? బట్టతల మీద నూగు లేస్తంది" అన్నాడు. అంతా మాంసం మహిమేనని బుల్లయ్య మురిసిపోయాడు. జేబులో దువ్వెన కూడా చేరింది.

ఓ ఉదయం ఇమ్మానియేలు లూనా బండి ఇంటి ముందు ఆగింది. జిమ్మీ డొక్కలు లోపలికి పోయాయి. ఉన్న బొచ్చు కూడా రాలింది.

"పచ్చిమాంసం పెట్టడం లేదా?" అన్నాడాయన మొహం చిట్లించి.

"ఒక్కరోజు తప్పలేదండీ. ఈయనే కల్లానికి తీసుకెళ్లి దగ్గరుండి తినిపిస్తాడు" అంది వెంకటరావమ్మ.

ఇక ఈ జన్మకి సొరకాయే అనుకున్నాడు బుల్లయ్య. "కొన్నిటికి ఎంత పెట్టినా ఒంటబట్టదండీ. జాతి అట్టాంటిది" అని నసుగుతూ కొత్త జుట్టు సవరించుకున్నాడు.

"అయ్యుండొచ్చు" అన్నాడు డాక్టరు.

గండం గడిచింది. బుల్లయ్య హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

వెంకటరావమ్మకి మాత్రం మనసొప్పలేదు. "ఒంటబట్టకపోతే పోయె, బొచ్చన్నా రావాలి కదండీ" అంది దిగులుగా.

ఆగి, డాక్టరుతోనే మళ్లీ అంది: "బొచ్చు మొలవడానికి మీరిచ్చిన పసుప్పచ్చ పొడి రోజూ ఆ మాంసానికే పట్టిస్తున్నాను."