మూడో ఫిల్టరు

తన పెళ్లాం ఊపిరి తీస్తున్నది పక్కన మేడ కడుతున్న గెడ్డం కాంట్రాక్టరేనని అతను వీధి వీధంతా చెప్పాడు. చాటుగా కాదు, గెడ్డం ముఖం మీదే చెప్పాడు.

"పక్కన మనుషులున్నారన్న ఇంగితం లేదా నీకు? నీ మేడ దుమ్మంతా మా ఇంట్లోనే!"

"ఏం బావా, దుమ్ము మీద నా పేరు రాసుందా?" అన్నాడు గెడ్డం. పరంజా మీదున్న మేస్త్రీలు పగలబడి నవ్వారు.

ఆ నవ్వు అతనిలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. ఐదో క్లాసులో బడి మానేసినవాడంటే ఎవడికైనా అలుసే.

మేడ పని మొదలై ఎనిమిది నెలలు. ఇతని ఇంటి గుమ్మం సరిగ్గా అటే. ఆ దుమ్ముకి తట్టుకోలేకే వాక్యూమ్ క్లీనర్ కొన్నాడు. సాయంత్రం పని నుంచి రాగానే తడిసిన చొక్కా తలుపు వెనక చిలక్కొయ్యకి తగిలించి, స్నానానికి పోయేవాడు. ఆమె మర్నాడు పొద్దున్నే మిషను తీసి, ముందు ఆ తలుపు దగ్గరే మొదలుపెట్టేది. ఇల్లంతా ఒక ఎత్తు, ఆ మూల ఒక ఎత్తు. ఉండదా మరి, గుమ్మం కదా! అంతా అయ్యాక ఫిల్టరు ఊడదీసి, బకెట్ మీదికి వంగి టపటపా కొట్టేది. తెల్లటి పొడి పొగలా ముఖం మీదికి లేచేది.

మొదట గొంతులో గరగర. తర్వాత దగ్గు. ఆ తర్వాత నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగింది.

"ఇంటిపనేనండి."

"ఊపిరితిత్తుల్లో ఇసక చల్లినట్టుంది." డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "ఇంట్లో దుమ్ము ఆగాలి. ఆగకపోతే వచ్చే చలికాలం ఈవిడ దాటడం కష్టం."

ఇసక! ఇంకేం కావాలి? ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. కాళ్లు పట్టుకోవలసినచోట పట్టుకున్నాడు, గొంతు పట్టుకోవలసినచోట పట్టుకున్నాడు. చివరికి నోటీసొచ్చింది. మేడ పని ఆగింది. గేటుకి తాళం పడింది.

రెండు వారాలు సెలవు పెట్టి భార్య పక్కనే కూర్చున్నాడు. ఆమెని మిషను ముట్టుకోనివ్వలేదు. తనే ఊడ్చాడు, తనే ఫిల్టరు తీసి చూశాడు. నాలుగు వెంట్రుకలు, కాస్త నూలుపోగు. అంతే.

పదో రోజుకి ఆమె వీధి చివరిదాకా నడిచింది.

"చూశావా? నేను మొత్తుకున్నానా లేదా?"

"మీరు ఇంట్లో ఉంటే నాకు బాగానే ఉంటుందండీ. ఉండిపోకూడదూ?" అని నవ్వింది ఆమె.

"ఉండిపోతే పొయ్యిలో ఏం పెడతావే, నా తలకాయా?"

సెలవు అయిపోయింది. అతను పనిలోకి వెళ్లిన నాలుగో రోజు ఫిల్టరు మళ్లీ తెల్లబడింది.

అతను గబగబా బయటికొచ్చి చూశాడు. పక్కన గేటు తాళం వేసినట్టే ఉంది. మేస్త్రీలు లేరు, మిక్సర్ లేదు. గాలి కూడా లేదు. మరి ఈ పొడి ఎక్కడిది?

ఎవడో తెచ్చి చల్లుతున్నాడు.

కిటికీ సందులకి కాగితాలు అంటించాడు. గుమ్మం కింద తడిగుడ్డ కుక్కాడు. ఆదివారం పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా కిటికీ దగ్గర కాపలా కూర్చున్నాడు. పిల్లి కూడా ఇటు తొంగిచూడలేదు. పొడి మాత్రం వస్తూనే ఉంది. ఆరు నెలలు రావలసిన ఫిల్టర్లు రెండు నెలల్లో రెండు పోయాయి. మూడోది కూడా పూడుకుపోయింది. ఆమె ఇప్పుడు పడుకోలేకపోతోంది. గోడకి ఆనుకుని కూర్చునే కునుకు తీస్తోంది.

శనివారం ఆ మూడో ఫిల్టరు కవర్లో చుట్టుకుని, మేడ దగ్గర చిరిగిన బస్తాలోంచి సిమెంటు ఓ గుప్పెడు పొట్లం కట్టుకుని, మిషన్లు బాగుచేసే మెకానిక్ దగ్గరికి పోయాడు.

"రెండూ ఒకటేనని చీటీ రాసియ్యి తమ్ముడూ. ఆ గెడ్డంగాణ్ణి కోర్టుకీడుస్తా."

"చీటీ సంగతి తర్వాత చూద్దాంలే అన్నా." మెకానిక్ రెండు డబ్బా మూతల్లో చెరో చిటికెడు వేసి, నీళ్లు చిలకరించి పక్కన పెట్టాడు. "రేపు రా."

ఆదివారం వెళ్లేసరికి మెకానిక్ ఒక మూత బోర్లించి బల్ల మీద కొట్టాడు. సిమెంటు బిళ్లలా పట్టుకుంది, రాలలేదు. రెండో మూతలోది వేలితో తాకాడు. జావలా జారింది.

"నీ ఫిల్టర్లోది సిమెంటు కాదన్నా. గ్రానైటు."

"నీకెలా తెలుసు?"

"మా బావ రాళ్లు కోసే షెడ్డులో చేసేవాడు. నీళ్లు పోసి కోస్తారు కదా, అక్కడ దుమ్ము కనపడదు. అంతా బురదే. ఆ బురద బట్టలకంటుకుని ఇంటికొస్తుంది. ఆరాక దుమ్మై లేస్తుంది." మెకానిక్ మూత పక్కన పెట్టాడు. "బావ ఇప్పటికీ గుండ్రాయిలా ఉన్నాడు. మా అక్కే పోయింది."

అతను ఫిల్టరు మళ్లీ కవర్లో చుట్టబోయాడు.

"మీ ఇంట్లో రాయి కోసేవాళ్లెవరన్నా ఉన్నారా అన్నా?"

ఇరవై మూడేళ్లుగా గ్రానైటు రంపం నడుపుతున్న అతను, గోళ్ల సందుల్లోని తెల్లటి గీతలు కనపడకుండా పిడికిళ్లు బిగించి, "ఎవరూ లేరు" అన్నాడు.