గుండీల డబ్బా

సాయంత్రం అయిదింటికి మందుల ఫ్యాక్టరీలో టీ తాగుతూ ఫోన్ తెరిచిందామె. నాలుగు ముక్కలు కంటబడ్డాయి.

"నాలుగింటికి నీలం స్వెటర్ పాప వచ్చింది. రెండో గుండీ ఊడింది. ఒక కాలికి తెల్ల మేజోడు, రెండో కాలికి బూడిద రంగుది. అలాంటి గుండీ నా దగ్గర ఒకటుంది. రేపు తీసుకెళ్ళాలి."

గ్లాసు బల్ల మీద పెట్టి మళ్ళీ చదివింది.

పొద్దున హడావుడిలో పిల్లకి రెండు రంగుల మేజోళ్ళు తొడిగింది తనే.

రాసిన మనిషి పేరు 'గుండీల డబ్బా'. అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు.

ఆ ముక్కలు వచ్చింది ఏ కంపెనీదీ కాని ఓ యాప్‌లో. ఎవరి గుంపు వాళ్ళు నడుపుకుంటారు. గుంపుని 'ఇల్లు' అంటారు. ఇంటికో పెద్ద. ఆమె ఉన్నది కుట్లూ అల్లికలూ చేసేవాళ్ళ ఇల్లు. మొగుడితో చెబితే "మళ్ళీ మొదలెట్టావా" అనే మాటలన్నీ ఆమె అక్కడే రాసుకునేది. గుండీల డబ్బా రోజుకో పాత గుండీ ఫొటో పెట్టి, కింద ఓ మాట రాసేది. ఆమె ఏం రాసినా మొదట చదివేది కూడా ఆ డబ్బాయే.

"అక్కా, ఇది చూడు!"

పక్క బల్ల దగ్గర మాత్రల పెట్టెలు సర్దే అక్క చదివి ముక్కున వేలేసుకుంది.

"వీడెవడే! పిల్ల కాలి మేజోళ్ళ దాకా చూశాడు!"

"ఆడవాళ్ళేమో అనుకున్నానక్కా."

"గుండీల పేరు పెట్టుకున్నంత మాత్రాన ఆడదవుతుందా? నేను పులి అని పెట్టుకుంటాను, అడవికి తోలతావా?"

ఆమెకి నవ్వు రాలేదు. డ్యూటీ ఆరింటికి గానీ దిగదు. నాలుగింటికి బడి వదిలాక రెండో తరగతి పిల్ల ఒక్కతే నడిచి పక్కింటికి చేరాలి.

అక్కడే నిలబడి ఇంటిపెద్దకి రాసింది. "ఈ మనిషిని ఇప్పుడే తీసేయండి."

"రెండు రోజులు ఆగమ్మా. అడిగి కనుక్కుంటాను."

"అడిగితే దొంగ నిజం చెబుతాడా?"

"మనం ఇలాంటి కారణం రాసి తీసేస్తే మిగతా ఇళ్ళవాళ్ళూ తలుపులు వేసేస్తారు తల్లీ. ఆ మనిషికి ఎక్కడా చోటుండదు."

"ఉండకూడదనే నా ఏడుపు! మీ పిల్లయితే ఆగుతారా?"



డ్యూటీ దిగేసరికి జవాబు వచ్చింది. "తీసేశానమ్మా. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. 'ఆ తల్లి భయం న్యాయమే. ఇక ఆ దరిదాపులకి రాను' అని రాసి వెళ్ళిపోయారు."

"తేలు కుట్టిన దొంగ!" అంది అక్క. "నోరెత్తితే ఒట్టు."

మర్నాడు పొద్దున పిల్లకి జడ వేస్తూ ఆమె గట్టిగా చెప్పింది.

"ఎవరు పిలిచినా పలక్కు. ఎవరి కోసమూ ఆగకు. గేటు దాటగానే పరుగెత్తుకుంటూ వెళ్ళిపో."

"అమ్మా, మరి..."

"మరీ లేదు, గిరీ లేదు. చెప్పింది విను."

పిల్ల తలూపింది.

ఆ రాత్రి ఆమెకి కంటినిండా నిద్ర పట్టింది.

నాలుగో రోజు, నాలుగుంపావుకి, ప్యాకింగ్ హాల్లోకి సూపర్‌వైజర్ తనే నడిచి వచ్చాడు. ఎప్పుడూ అరుపే తప్ప మాట రాని మనిషి, నెమ్మదిగా అన్నాడు.

"బడి నుంచి ఫోన్. నువ్వు వెంటనే బయలుదేరమ్మా."

ఆస్పత్రిలో పిల్ల కుడికాలు తొడ దాకా కట్టులో ఉంది. లారీ వెనక చక్రం పాదం మీదుగా వెళ్ళిందట. డాక్టరు మోకాలి వరకూ భరోసా ఇచ్చాడు. పాదం సంగతి ఆమె రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఆయన కాగితాల వైపు చూశాడు.

చీకటి పడే వేళకి పిల్ల కళ్ళు తెరిచింది.

"నువ్వు చెప్పినట్టే పరుగెత్తానమ్మా."

 ఆమె పిల్ల నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది.

"రోజూ అటూ ఇటూ చూసి బాగానే దాటేదానివి కదే, నా తల్లీ. ఇవాళేమైంది?"

"నేనెప్పుడు దాటాను? మామ్మేగా దాటించేది."

"ఏ మామ్మ?"

"చేతికర్ర మామ్మ. రెండు నెలల నుంచీ. కర్ర అడ్డం పెడితే లారీలు కూడా ఆగేవి. మొన్న నుంచి రావట్లేదు."



"నాకు ఒక్కసారైనా చెప్పలేదేమే?"

"చెప్పొద్దంది. అంత దూరం నుంచి కుంటుకుంటూ వస్తోందని తెలిస్తే నువ్వు బాధపడతావంది."

"మనకి చుట్టం కాదు, పక్కం కాదు... ఆవిడకెందుకే నువ్వు?"

పిల్ల మత్తులోకి జారుతూ అంది.

"నువ్వే కదమ్మా, మా బడి గేటు ఫొటో పెట్టి, 'నా బిడ్డకి రోడ్డు దాటించే దిక్కు లేదు' అని ఫోన్లో రాశావట... అది చదివే వచ్చానంది."