బోసిపోయిన పేజీ

"పేజీ ఏదమ్మా?" అన్నారు ఆసుపత్రి ఛైర్మన్‌గారు, ముక్కు కంప్యూటరుకి ఆనేంత దగ్గరగా వంగి.

"అదే సార్ పేజీ," అంది డిజైనరు.

"ఇదా! సామాన్లన్నీ లారీకెక్కించేసిన అద్దెకొంపలా ఉంది. నాలుగు రోజులు ఊరెళ్ళొచ్చేసరికి మా వెబ్‌సైటుని ఇంత పని చేస్తావా?"

నిజమే, తెర నిండా తెలుపు. పైన ఎడమ పక్కన ఆసుపత్రి పేరు, లావుపాటి నల్లటి అక్షరాల్లో. దాని కింద మూడే మాటలు: డాక్టర్లు, వేళలు, దారి. అట్టడుగున, బొటనవేలికి అందేచోట, ఒక ఎర్రటి పట్టీ, దాని మీద 'అంబులెన్స్‌కి ఫోన్ చేయండి'. అంతే, ఇంకేం లేదు.

డిజైనరుకి సొంతంగా దొరికిన మొదటి పని ఇది. మూడు వారాలు తిండీ తిప్పలూ మాని చేసింది. ఇది కాస్తా పీకేస్తే మళ్ళీ ఎవరి కిందో చేరి, వాళ్ళు అడిగిన పువ్వులూ తీగలూ అతికించుకుంటూ కూర్చోవాలి.

"ఇది స్విట్జర్లాండ్ వాళ్ళ పద్ధతి సార్. డెబ్బై ఏళ్ళ కిందట అక్కడ పోస్టర్లు వేసేవాళ్ళు పట్టుకున్న కిటుకు. కాగితాన్ని కంటికి కనపడని గళ్ళుగా విడగొట్టి, ఒకే రకం అక్షరాలు వాడి, అన్నిటినీ ఒక అంచుకి సర్ది, అక్కర్లేనిదంతా తీసి పారేయడం. ఇవాళ మీరు ఫోన్లో తడుముకోకుండా చదువుతున్న సైట్లు చాలావరకు వాళ్ళ చలవే."

"వాళ్ళకి ఎటు చూసినా మంచుకొండలే. తెలుపు అలవాటైపోయింది. మనకేం ఖర్మ?"

పక్కనే నిలబడ్డ ఆఫీసు మేనేజరు కిసుక్కున నవ్వి, ఆ నవ్వుని దగ్గులోకి దింపేశాడు.

ఛైర్మన్‌గారు ఊరుకుంటారా! పక్క కంప్యూటర్లో దాచిపెట్టిన పాత వెబ్‌సైటు తెరిపించారు. గుండె బొమ్మ ఒకటి గిరగిరా తిరుగుతోంది. 'కొత్తది' అని ఓ పసుపు ముక్క, ఎన్నేళ్ళ పాతదో ఏమో, ఇంకా మిణుకుమిణుకుమంటోంది. పెద్దమనుషుల ఫోటోలు ఆరు. పైన అక్షరాలు ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెడుతున్నాయి.

"నేను ఛైర్మన్ కాకముందు ఎవరు చేశారో గాని, మహానుభావుడు! చూడు ఎంత కళకళలాడుతోందో. మధ్యాహ్నానికల్లా దీన్నే పెట్టేయ్."

"సార్, ఒక్క వారం చూసి..."

"వారం లేదు, వర్జ్యం లేదు. నువ్వు మంచిపిల్లవే, కష్టపడ్డావు, కాదనను. కానీ ఇంత బోసిగా ఉంటే జనం మనం ఆసుపత్రి మూసేశామనుకుంటారు తల్లీ."

ఆ మాటకి డిజైనరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల వంచుకుని పాత పేజీ ఎక్కించడానికి కుర్చీ ముందుకి లాక్కుంది.

అంతలో తలుపు తోసుకుని ఒకాయన వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నాడు. ఒక కాలికి చెప్పు, ఇంకో కాలికి బూటు.

"వెబ్‌సైటు చేసినావిడ ఇక్కడున్నారని కింద నర్సమ్మ చెప్పింది..."

"నేనేనండీ," అంది డిజైనరు భయంభయంగా. ఇంకా ఎన్ని చీవాట్లు రాసిపెట్టి ఉన్నాయో అనుకుంది.

"నీకు వెయ్యి దండాలమ్మా!" అన్నాడాయన. "పొద్దున ఆరింటికి మా ఆవిడ బాత్రూంలో పడిపోయింది. పిలిస్తే పలకదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. కళ్ళజోడు ఎక్కడ పెట్టి చచ్చానో గుర్తు లేదు. ఫోన్లో ఈ ఆసుపత్రి సైటు తెరిచాను. మసకమసగ్గా అంతా తెలుపు, కింద ఒక్కటే ఎరుపు. ఇంక వెతుక్కునే పనేముంది? నొక్కేశాను. బండి వచ్చేసింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు డాక్టరు."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"కళ్ళు తెరిచి, 'వీధి తలుపు తాళం వేశావా?' అని నన్నే దులిపేస్తోందమ్మా!" ఆయన నవ్వుతూ ఏడ్చేశాడు.

డిజైనరు కూడా ఏడ్చేసింది. ముక్కూ మొహం తెలియని ఆ పోస్టర్ల వాళ్ళ చేతులు చల్లగుండాలని మనసులోనే మొక్కుకుంది.

ఛైర్మన్‌గారి మనసూ కరిగింది గాని, పట్టు మాత్రం సడలలేదు. "చాలా సంతోషం బాబూ. అయితే నంబరు పాతదాంట్లోనూ ఉంది. ఇదిగో..." అని తెర మీద వేలు పెట్టి వెతికారు. పైన లేదు. కింద లేదు. ఫోటోల మధ్యన అసలే లేదు. "ఎక్కడుందబ్బా?"

"పైన పరిగెత్తే అక్షరాల్లో ఉంటుందండీ," అన్నాడాయన తెర వైపు చూడకుండానే. "ముందు స్వాగతం, తర్వాత పెద్దల పేర్లు, తర్వాత బహుమతులు, ఆఖర్న నంబరు. రావడానికి నలభై సెకన్లు పడుతుంది. అది జారిపోయిందా, మళ్ళీ మొదటికి."

ఛైర్మన్‌గారు చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. స్వాగతం పోయింది. పేర్లు పోయాయి. బహుమతులు ఒకటొకటే నిమ్మళంగా పోయాయి. సరిగ్గా నలభయ్యో సెకనుకి నంబరు వచ్చింది. ఛైర్మన్‌గారు జేబులోంచి పెన్ను తీసేలోపల అదీ పోయింది.

ఆయన నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డారు.

"అమ్మాయ్, కొత్తదాన్ని ముట్టుకోకు. అలాగే ఉండనీ," అన్నారు. ఆ తర్వాత వచ్చినాయన వైపు తిరిగి, "అది సరే గాని, సెకన్లతో సహా అంత కచ్చితంగా ఎలా చెప్పారండీ?" అని అడిగారు.

ఆయన తల దించుకున్నాడు.

"ఆ పాతది చేసిన మహానుభావుణ్ణి నేనేనండీ."