అడుగు పొర

"ఇదిగో అక్కా, నయాగరా!" అంటూ షార్లీన్ ఫోను చాపింది.

వెల్మా చేతులకంటిన పిండి ఏప్రన్‌కు తుడుచుకుని చూసింది. జలపాతం ముందు షార్లీన్. పక్కన ఆమె మొగుడు డెస్మండ్. తలుపంత మనిషి. పెళ్ళాం భుజం చుట్టూ చెయ్యి వేసి, ఆమె తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు నవ్వుతున్నాడు.

"బాగుంది" అంది వెల్మా. కడుపులో కుంపటి రాజుకుంది.

అమెరికాలోని టొలీడో ఊళ్ళో ఒక బడి వంటగది అది. ఇద్దరూ పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండుతారు. షార్లీన్ చేరి ఏడాది కాలేదు. సోమవారం వచ్చిందంటే కొత్త ఫొటో తెస్తుంది. చికాగోలో సరస్సు ఒడ్డున ఒకటి. ఆకులు ఎర్రబారిన కొండల మధ్య ఒకటి. ఎక్కడికెళ్ళినా ఆ చెయ్యి ఆ భుజం మీదే.

"ఆదివారం వస్తే చాలు, నన్ను ఇంట్లో కూర్చోనివ్వడక్కా! మీ ఆయన నిన్ను ఎక్కడికీ తిప్పడా?"

"ఆయనకి కదలడమంటేనే గిట్టదులే" అని వెల్మా బంగాళాదుంపల ట్రేని ఓవెన్‌లోకి తోసి, తలుపు ధడాల్న వేసింది.

శనివారం మొగుడు ఆల్విన్‌కి ఎదురుగా కూర్చున్నా ఆ మంట చల్లారలేదు. అతను చిప్స్ పొట్లం విప్పి ఆమె వైపు జరిపాడు. ఆమె ముట్టుకోలేదు.

"మా షార్లీన్ మొగుడు మళ్ళీ తీసుకెళ్ళాడట. ఈసారి నయాగరా."

"మళ్ళీ ఆవిడ గోలేనా?"

"గోల కాక? మొగుడంటే అలా ఉండాలి. పెళ్ళయ్యాక నన్ను ఒక్క ఊరు తిప్పావా నువ్వు?"

"తిప్పుతానన్నాగా. కాస్త ఓపిక పట్టు."

"ఓపిక పట్టీ పట్టీ జుట్టు నెరిసిపోతోంది."

ఆల్విన్ తలవంచుకున్నాడు. కాగితం కప్పులో కాఫీ చల్లారిపోతోంది. "పరాయి మగాడితో నన్ను పోల్చకు వెల్మా. తట్టుకోలేను" అన్నాడు చిన్నగా.

ఆమెకు జాలి వేయలేదు. లేచి వచ్చేసింది. కారెక్కాక మాత్రం ఏడ్చింది. ఆల్విన్ కోసం కాదు, నయాగరా కోసం.

సోమవారం షార్లీన్ ఆ ఫొటో ప్రింటు తెచ్చి తన అల్మరా తలుపుకి లోపలివైపు అతికించుకుంది. ఆమె అటు వెళ్ళగానే వెల్మా ఇటు వచ్చింది. ఈసారి ఆ చెయ్యి వైపు చూడలేదు. మిగతాదంతా చూసింది.

వెనక అంత తుంపర లేస్తోంది. ఇద్దరి జుట్టూ పొడిగా ఉంది. రాళ్ళ నీడలు కుడివైపు పడ్డాయి. వీళ్ళిద్దరికీ నీడే లేదు. మొహాల మీద ఉన్నది ఎండ కాదు, ట్యూబ్‌లైటు వెలుతురు.

వెల్మా ప్రింటు ఊడదీసి తిప్పి చూసింది. వెనక ఒక స్టూడియో ముద్ర. పేరు గుర్తుపెట్టుకుని, ఫొటోని ఎప్పటిలా అతికించేసింది.

డ్యూటీ దిగగానే నేరుగా అక్కడికే వెళ్ళింది. చిన్న గది. కంప్యూటరు ముందు ఒపాల్ అనే పెద్దావిడ. తెర మీద ఎవరనుకున్నారు? షార్లీన్, డెస్మండ్! ఈసారి సముద్రతీరంలో, సూర్యాస్తమయ వేళ. పెద్దావిడ మౌసుతో డెస్మండ్ మెడకి నారింజ రంగు ఎండ పూస్తోంది.

"నాకూ ఇలాంటిదొకటి కావాలండీ. ఎలా చేస్తారో చూపిస్తారా?" అంది వెల్మా, తేనె పూసిన గొంతుతో.

ఒపాల్ మొహం విప్పారింది. ఆ ప్రశ్న ఆవిడని ఎవరూ అడగరు కాబోలు. "ఎవరి ఫొటో అని మాత్రం అడక్కు తల్లీ. పనితనం చూపిస్తాను. ఇది ఉల్లిపాయలాంటిది. పొర మీద పొర. అన్నీ కుదిరితే ఒక్కటే అనిపిస్తుంది."

"ఒక్కో పొరా తీసి చూపించండి. అడుగుదాకా."

వెల్మా చప్పుడు కాకుండా ఫోను తీసి, కెమెరా తెరిచి, చేతిసంచి చాటున పట్టుకుంది. మళ్ళీ సోమవారం దాకా ఆగక్కర్లేదు. రేపే చూపిస్తుంది వంటగదిలో అందరికీ. అప్పుడు ఆ మహారాణి మొహం ఎలా మాడిపోతుందో! ఆ ఊహే పాయసంలా ఉంది.

ఒపాల్ ఒక్క నొక్కు నొక్కింది. ఎర్రటి ఆకాశం పోయింది. ఇంకో నొక్కుకి సముద్రం పోయింది. కాళ్ళ కింద ఇసుక పోయి సిమెంటు గచ్చు తేలింది. షార్లీన్ నెత్తిమీది గడ్డి టోపీ పోయింది. డెస్మండ్ వేసుకున్న పూల చొక్కా పోయి, కింద బూడిదరంగు చొక్కా బయటపడింది.

ఆ ఇద్దరే మిగిలారు. భుజం మీద ఆ చెయ్యి అలాగే ఉంది. వాళ్ళ వెనక ఒక గోడ. గోడ మీద ఎవరో చేత్తో వేసిన నీలం సరస్సు, అందులో రెండు బాతులు. ఒక బాతుకి మెడ వంకర.

"ఇదమ్మా అడుగు పొర" అంది ఒపాల్. "నీ ఫొటో ఏదీ? తెచ్చావా?"

వెల్మా చేతిలో ఫోను సంచిలోకి జారిపోయింది.

జైలు ములాఖత్ గదిలో ఆ వంకర మెడ బాతు ముందే, డెస్మండ్ ఒంటి మీదున్నటువంటి బూడిదరంగు ఖైదీ చొక్కాలోనే ఉండే ఆల్విన్ పక్కన, శనివారం శనివారం వెల్మా నిలబడి ఫొటో దిగుతుంది.