చెవుల గది

"మీకీ సభాకంపం ఎప్పటినుంచి?"

"భూకంపమా!" స్టోర్ కీపరు కుర్చీలోంచి దిగ్గున లేచి గుమ్మం వైపు నడిచాడు.

అతని తప్పేం లేదు. కింద దర్జీ కొట్లో మిషన్లన్నీ ఒక్కసారిగా తిరుగుతుంటే పైగది నేల నిజంగానే అదురుతోంది.

"సభాకంపం సార్! నలుగురి ముందు నిలబడితే వచ్చే వణుకు. కూర్చోండి," అంది మేడమ్. ఉపన్యాసం చెప్పడం ఎలాగో నేర్పుతుంది కనుక వీధిలో అందరికీ ఆవిడ మాటల మేడమే. "ఇంతకీ ఎక్కడ మాట్లాడాలి?"

"మా తాళాల కంపెనీలో మేడమ్. మా గదిలో ఒకాయన రిటైరవుతున్నాడు. ఆ సెక్షన్ మనిషే మాట్లాడాలని మా దగ్గర రివాజు. తెలియని మనిషి గురించి మేమేం చెబుతాం అంటారు మిగతావాళ్లు."

"తాళాల కంపెనీలో పనిచేస్తూ నోటికీ ఒకటి వేసుకున్నారన్నమాట!"

అతను నవ్వాడు. వాడకంలో లేని నవ్వు, కాస్త కిర్రుమంది.

"నాది డూప్లికేట్ తాళంచెవుల గది మేడమ్. గోడల నిండా చెవులే. వినడానికి మాత్రం ఒక్కటీ పనికిరాదు."

"అబ్బో, మాట్లాడటం రాదన్నదెవరు? ఏదీ, రాసుకొచ్చింది చెప్పండి."

అతను గొంతు సవరించుకున్నాడు. "ఆయన నిజాయితీపరుడు. క్రమశిక్షణ గలవాడు. మృదుస్వభావి. కష్టజీవి..."

"ఆగండాగండి! ఇది మనిషా, కాండక్టు సర్టిఫికెట్టా? ఇది విని ఎవరైనా నిద్రపోతే తప్పు వాళ్లది కాదు. గుణాలు వద్దు సార్, కథ చెప్పండి. ఆయనకి జరిగింది ఒక్కటి చెప్పండి చాలు."

స్టోర్ కీపరు రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టేశాడు.

"ఒకసారి ఆయన్ని గదిలో పెట్టి తాళం వేసేశారు."

"ఎవరు?"

"వాచ్‌మన్. కావాలని కాదు. లోపల మనిషుంటాడని తట్టలేదంతే. చుట్టూ వేల చెవులు. ఆ తలుపుది మాత్రం బయట. తెల్లారి తీసినవాడు ఆయన్ని చూసి, 'అప్పుడే వచ్చేశారే, ఇంత పెందలాడే!' అన్నాడు."

మేడమ్ పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"మరి ఇంట్లోవాళ్లు కంగారుపడలేదా?"

"పడటానికి ఉండాలిగా మేడమ్."

"అయ్యో. ఇదంతా మీకు ఆయనే చెప్పాడా?"

"చెప్పక్కర్లేదు. ఆయన గురించి నాకు తెలియంది లేదు."

"అదృష్టవంతుడు. అలాంటి స్నేహితుడు ఎందరికుంటాడు!"

అతను లేచి చెప్పులు వేసుకున్నాడు.

ఆ తర్వాత సాయంత్రాలన్నీ అదే కథ. మొదట్లో రైలు తప్పిపోతున్నట్టు చెప్పేవాడు. "తలుపు దగ్గర ఆగండి," అనేది మేడమ్. "వినేవాడి చెయ్యి కూడా గొళ్లెం మీద పడాలి. అప్పుడే 'తెరుచుకోలేదు' అనాలి. పడకముందే అనేస్తే అది కథ కాదు, కంప్లైంటు." ఇంకోరోజు, "పగలంతా మీ గదిలో చెవులకే చెప్పి చూడండి. చెవులన్నాక వినకేం చేస్తాయి!" అంది.

అతను నిజంగానే చెప్పాడు. గొంతు పెరిగింది. చేతులు జేబుల్లోంచి బయటికొచ్చాయి. అయినా సభకి ముందురోజు మళ్లీ మొదటికొచ్చాడు.

"నావల్ల కాదు మేడమ్. మాట్లాడనని మేనేజరుకి చెప్పేస్తాను."

"చెప్పేస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుంది... టీ తాగి లేచిపోతారు. ఇన్నేళ్లు పనిచేసిన మనిషి, ఒక్కరి నోటా ఒక్క మాట లేకుండా వెళ్లిపోతాడు."

"అది మీకు సమ్మతమేనా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "అయితే మీరూ రండి. అవతలవైపు తెలిసిన ముఖం ఒక్కటైనా ఉంటుంది."

మేడమ్ వెళ్లింది. చివరి వరసలో కూర్చుని, పక్కనున్న ప్యాకింగ్ సెక్షన్ ఆవిడని గుసగుసగా అడిగింది. "రిటైరయ్యే ఆయన ఎలాంటి మనిషండీ?"

"ఏమోనండీ. కిటికీలోంచి చెవి అందిస్తారు, పుచ్చుకుంటాం. మాట్లాడిందెప్పుడు గనక?"

మేనేజరు పిలిచాడు. స్టోర్ కీపరు మైకు ముందుకొచ్చాడు. మేడమ్ ముఖం వెతికి పట్టుకున్నాడు. మొదలుపెట్టాడు.

తలుపు దగ్గర ఆగాడు. హాలంతా గొళ్లెం పట్టుకుంది.

"తెరుచుకోలేదు."

'ఇంత పెందలాడే' దగ్గర నవ్వులు పేలాయి. తర్వాత అతను గొంతు తగ్గించి, ఆయన ఆ రాత్రి ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని తలుపుకి చెవి ఆనించి కూర్చున్న సంగతి చెప్పాడు. నవ్విన తలలు ఒక్కొక్కటే కిందికి వాలాయి. ఇది మేడమ్ నేర్పింది కాదు.

"ఆయనకి మన మీద కోపం లేదు," అన్నాడు చివరికి. "తలుపు తీసి ఎవరో ఒకరు పలకరించారన్నదే ఆయనకి గుర్తు. సెలవు."

చప్పట్లు ఆగలేదు. ప్యాకింగ్ ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. నా శిష్యుడు గెలిచాడనుకుని మేడమ్ కళ్లూ నిండాయి.

మేనేజరు కళ్లజోడు తుడుచుకుని, వేదిక మధ్యనున్న కుర్చీ చూపించాడు. "ఇవాళ రిటైరవుతున్న మన మిత్రుడు వచ్చి ఇక్కడ కూర్చోవాలి."

హాలంతా లేచి నిలబడింది. ఆయన ఎటునుంచి వస్తాడా అని మేడమ్ మునివేళ్ల మీద లేచి గుమ్మం వైపు చూసింది.

మైకు ముందున్న స్టోర్ కీపరే వెళ్లి కూర్చున్నాడు.