తిరిగొచ్చిన శాలువా

ఇంట్లో అల్లిన శాలువాలు విదేశాలకు అమ్ముతుంటాను. ఈసారి కొన్నావిడ అక్కడి పన్ను కట్టనంది. పార్సిల్ తిరిగొచ్చింది. అత్తయ్యను వెంటబెట్టుకుని కస్టమ్స్ ఆఫీసుకు వెళ్లాను.

"పైదేశం నుంచి వచ్చింది కాబట్టి దిగుమతి సుంకం కట్టాలి," అన్నాడు అధికారి.

"ఇక్కణ్ణుంచి పోయిందే కదండీ!"

"పోయింది వేరు, వచ్చింది వేరు."

వేళ్లు నాలుకకు రాసుకుని కాగితాలు తిప్పాడు. అవే వేళ్లతో శాలువా నలిపి చూశాడు. నాకు రోత పుట్టింది. అయినా మొహానికి నవ్వు పులుముకున్నాను.

"దీనికంత విలువెక్కడిదండీ? వంకర అల్లిక, వెలిసిన రంగు. ఊరికే ఇచ్చినా ఎవరూ కప్పుకోరు. అందుకే తిప్పి పంపేశారు."

అతను మరోసారి చూసి, నిజమేనన్నట్టు తలాడించి, సుంకం సగానికి తగ్గించాడు. ఏదో గెలిచినట్టు బయటికొచ్చాను.

మెట్ల మీద అత్తయ్య శాలువా అంచు నిమురుతూ ఆగిపోయింది.

"నాలుగు నెలలు అల్లాను. బాగాలేదని అప్పుడే చెప్తే విప్పేసేదాన్ని కదమ్మా."

నా మీద నాకే రోత పుట్టింది.

"అయ్యో, పన్ను తగ్గుతుందని అలా అన్నాను అత్తయ్యా!"

ఆవిడ నా మొహంలోకి చూసింది.

"మరి తడుముకోకుండా ఎలా వచ్చాయే ఆ మాటలన్నీ?"