పన్నెండో సీటు

లిఫ్టు తలుపు మూసుకోబోతుంటే ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

యాభై ఏళ్ళుంటాయి. మెడకు మఫ్లరు. ఏమీ మాట్లాడకుండా మడత పెట్టిన కాగితం ఒకటి ఆఫీసు టీమ్ లీడరమ్మ ముందుకు చాపాడు.

ఇలాంటి కాగితాలు ఆవిడ బస్టాండుల్లో బోలెడు చూసింది. విప్పకుండానే దాని మీద ఒక నాణెం పెట్టి బటన్ నొక్కింది.

ఆయన తల అడ్డంగా ఊపుతుండగానే తలుపు మూసుకుంది.

పైకెళ్ళగానే వాచ్‌మన్‌కు ఫోన్ చేసింది.

"ఎవర్ని పడితే వాళ్ళని రానిస్తే ఎలా? ఇవాళ ఎవర్నీ పైకి పంపొద్దు."

"అలాగేనమ్మా."

ఆవిడ తొందర ఆవిడది. ఒక పెద్దాసుపత్రి కోసం కంపెనీ చేసిన నాలుగు వందల మంచాలు ఇవాళే లారీలెక్కాలి.

పదకొండు గంటలకు ఆ ఆసుపత్రి నుంచే ఫోనొచ్చింది.

"మేమడిగింది మూడడుగుల వెడల్పు. మీరు చేసినవి అరడుగు తక్కువ. మాకొద్దు."

"తగ్గించమన్నది మీరే కదండీ! గుమ్మాలు ఇరుకన్నారు!"

"మేమా? ఎప్పుడన్నాం? రుజువుంటే నాలుగింటిలోపు పంపండి. లేదంటే ఆర్డరు రద్దు."

రద్దయితే ఫ్యాక్టరీకి తాళమే. అందులో నలభై మంది పనిచేస్తున్నారు.

అయినా ఆవిడ బెదరలేదు. ఆసుపత్రి వాళ్ళతో సహా మీటింగులన్నీ కంప్యూటర్లోనే జరుగుతాయి, ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చుని. అయిపోయిన పది నిమిషాలకల్లా 'మీటింగ్ నోట్స్' వచ్చేస్తుంది. ఎవరు ఏ నిమిషంలో ఏమన్నారో అంతా ఉంటుంది. 'ఇక్కడ అందరూ నవ్వారు' అని కూడా ఉంటుంది. ఒకసారైతే 'మేడమ్‌కు దగ్గు ఎక్కువగా ఉంది, కాస్త విరామం ఇచ్చి ఉంటే బాగుండేది' అని వచ్చింది.

"ఈ సాఫ్ట్‌వేర్‌కి మనందరికన్నా బుద్ధెక్కువ" అని ఆఫీసంతా మురిసిపోయింది. ఆ ధీమాతోనే ఆసుపత్రి వాళ్ళ దగ్గర ఒక్క ముక్క కూడా రాయించుకోలేదు.

ఆవిడ నోట్స్ తెరిచింది.

ఖాళీ.

మళ్ళీ తెరిచింది. మళ్ళీ ఖాళీ.

"శుక్రవారం పొద్దుటి దాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఇందులో ఏమైనా మార్చారా మేడమ్?" పక్క సీటు డిజైనరు అడిగింది.

"ఓనరు పెద్దాయన తన మేనల్లుడికి ఈ సాఫ్ట్‌వేర్‌లో సీటు కావాలన్నారు. మనం కొన్నది పన్నెండు సీట్లే, అంటే పన్నెండు లాగిన్లే. మౌనస్వామిని తీసేశాను. అంతే."

మౌనస్వామి అంటే మీటింగులో ఫొటో లేని నల్లటి గడి. మైకు ఎప్పుడూ మూసే ఉంటుంది. ఆరు నెలల్లో ఒక్క మాట లేదు, ఒక్క మెసేజీ లేదు. ఇంటి నుంచి పనిచేసే ఆయన్ని పాత లీడరు పెట్టుకున్నాడట. ఎందుకు పెట్టుకున్నాడో కనుక్కునే తీరిక ఈవిడకు దొరకలేదు.

"ఆయన్ని తీస్తే నోట్స్ ఎందుకు పోతుంది? సాఫ్ట్‌వేరే మొరాయించింది" అంటూ ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫిర్యాదు పెట్టింది.

'మీ వంతు రాగానే మాట్లాడతాం' అని జవాబొచ్చింది.

పన్నెండయింది. ఒంటిగంటయింది. రెండయింది. టిఫిన్ డబ్బా మూత తీయలేదు. ఫ్యాక్టరీ నుంచి మేస్త్రీ మూడుసార్లు ఫోన్ చేశాడు. "లారీలెప్పుడమ్మా?" అంటే ఏం చెప్పాలో తెలియక మూడుసార్లూ "వచ్చేస్తాయి" అంది.

పెద్దాయన కూడా చేశాడు. "మావాడి లాగిన్ మాత్రం భేషుగ్గా పనిచేస్తోందమ్మా."

మూడున్నరకు వంతొచ్చింది. అవతల ఒక అమ్మాయి గొంతు.

"మీరిచ్చే నోట్స్ పోయింది. నలభై కుటుంబాలు రోడ్డున పడతాయి. తెప్పించు తల్లీ!"

"మా సాఫ్ట్‌వేర్ నోట్స్ రాయదు మేడమ్."

"ఆరు నెలలుగా రాస్తోందమ్మా!"

"కాదండీ. అవన్నీ మీ మనిషి ఒకాయన కూర్చుని టైపు చేసినవి. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆయన్ని తీసేశారు. ఆయన పేజీలు ఎవరికి అప్పగించాలని అడిగితే 'అక్కర్లేదు' అని నొక్కారు."

నొక్కింది నిజమే. చదవకుండా నొక్కింది.

"వెనక్కి తెప్పించు."

"మూడు రోజులు దాచి ఉంచుతామండీ. ఇవాళ పన్నెండింటితో గడువైపోయింది. ఈలోపు ఆయన్ని మళ్ళీ చేర్చుకునుంటే మొత్తం వచ్చేసేది."

కంపెనీ రికార్డుల్లోంచి మౌనస్వామి నంబరు వెతికి పట్టుకుంది.

అవతల ఫోనెత్తారు.

"హలో! నేనండీ, ఆఫీసు నుంచి! మీ దగ్గర నోట్స్ కాపీ ఏమైనా ఉందా?"

జవాబు లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"మాట్లాడరేం? కోపం తర్వాత చూపించుకోండి. మీకు దణ్ణం పెడతాను, ఒక్క మాట చెప్పండి!"

ఫోన్ మీద వేలితో రెండుసార్లు తట్టిన చప్పుడు. అంతే, లైను తెగిపోయింది.

ఆవిడ బల్ల మీద తల వాల్చి ఏడ్చేసింది.

నాలుగింటికి పది నిమిషాలుందనగా వాచ్‌మన్ తొంగి చూశాడు.

"డ్యూటీ దిగుతున్నానమ్మా. పొద్దున్నుంచి ఒకాయన కిందే నిలబడి, పైకి పంపమని ఒకటే సైగలు. మీరేమో ఎవర్నీ పంపొద్దంటిరి. పన్నెండు కొట్టగానే ఇది నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు."

మడత పెట్టిన కాగితం.

'నమస్తే మేడమ్. గొంతు ఆపరేషనయ్యాక నాకు మాట పోయింది. అందుకే రాసిస్తున్నాను. శుక్రవారం నుంచి నా అకౌంటు తెరుచుకోవడం లేదు. మీ నంబరు నా దగ్గర లేదు. శనివారం, ఆదివారం వచ్చాను, ఆఫీసు మూసి ఉంది. సోమవారం పన్నెండులోపు తెరిపించకపోతే మంచాల నోట్స్ చెరిగిపోతుందని సాఫ్ట్‌వేర్ వాళ్ళు మెయిలు పెట్టారు. ఆ తర్వాత నన్ను మళ్ళీ తీసేసినా పరవాలేదు. పన్నెండు దాకా లిఫ్టు దగ్గరే ఉంటాను.'

కాగితం అడుగు మడతలోంచి, పొద్దున ఆవిడ వేసిన నాణెం జారి బల్ల మీద పడింది.